లా, ప్రాపర్టీ డెవలప్‌మెంట్ జంట డిగ్రీ: ఐదున్నరేళ్లు చదివినవాడి రివ్యూ

ముందే చెప్పేస్తున్నాను, ఐదు స్టార్లకి మూడున్నర. తగ్గించిన ఒకటిన్నర స్టారు సబ్జెక్టుల మీద కోపంతో కాదు. ఈ రెండు డిగ్రీలని నడిపే రెండు డిపార్ట్‌మెంట్లు, నేను చదివిన ఐదున్నరేళ్లలో ఒకదాని మొహం ఒకటి చూసిన పాపాన పోలేదు. అందుకు.

బ్రోషర్‌లో ఒకబ్బాయి నెత్తిన సైట్ హెల్మెట్, చంకలో లావుపాటి లా పుస్తకం పెట్టుకుని నవ్వుతూ ఉంటాడు. ఆ వేషంలో నవ్వుతున్న మనిషి నాకు క్యాంపస్‌లో ఎక్కడా తగల్లేదు. యూనివర్సిటీ పేరు చెప్పను. వేరే చోట్ల ఇదే కోర్సు చదివిన ఇద్దరు ముగ్గురితో మాట్లాడాను, అక్కడా కథ కాస్త అటూ ఇటుగా ఇదే.

మా దగ్గర లెక్క ఇలా ఉండేది. విడిగా చదివితే లా నాలుగేళ్లు, ప్రాపర్టీ మూడేళ్లు, వెరసి ఏడు. కలిపి చదివితే ఐదున్నర. ఏడాదిన్నర మిగిలిందని నేనూ మురిసిపోయాను. ఆ మిగులు ఎలక్టివ్‌లని, అంటే మన ఇష్టంతో ఎంచుకునే సబ్జెక్టులని, మింగి వస్తుందని చేరాక గానీ తెలియలేదు. లా వాళ్లు మీ ప్రాపర్టీ సబ్జెక్టులని తమ ఎలక్టివ్‌ల కింద రాసుకుంటారు, ప్రాపర్టీ వాళ్లు మీ లా సబ్జెక్టులని తమ ఎలక్టివ్‌ల కింద రాసుకుంటారు. నాకు కాపీరైట్ చట్టం చదవాలని సరదా ఉండేది. ఐదున్నరేళ్లలో దానికి ఒక్క ఖాళీ దొరకలేదు. ఏది ఇష్టమో ఇంకా తేల్చుకోనివాళ్లు ఈ ఒక్క విషయం రెండుసార్లు ఆలోచించుకోవాలి.

ఇక చదువు సంగతి. లా వైపు మొదట్లో భయపెడుతుంది. మాది కామన్ లా పద్ధతి, అంటే పాత తీర్పులు చదివి అందులోంచి సూత్రం పిండుకోవాలి. నాకు ఆశ్చర్యం కలిగించింది ఏమిటంటే, ఆ పాత తీర్పుల్లో మా రెండో డిగ్రీకి పనికొచ్చేవి ఎన్నున్నాయో! రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్, 1868: ఒక మిల్లు యజమాని తన అవసరానికి చెరువు తవ్వించుకుంటే ఆ నీళ్లు పక్కవాడి బొగ్గు గనిలోకి దూకాయి, నష్టం ఎవరిది అన్నది గొడవ. హాడ్లీ వర్సెస్ బాక్సెండేల్, 1854: మిల్లు ఇరుసు విరిగితే, రవాణావాడు ఆలస్యం చేసినందుకు మిల్లు ఆగిన రోజుల లాభం కూడా ఇవ్వాలా అన్నది పేచీ. సైట్ మీద లిఫ్ట్ రావడం మూడు వారాలు లేటయితే ఈ రోజుకీ అడిగే ప్రశ్న అదే.

అన్నింటిలోకీ నాకు నచ్చింది టల్క్ వర్సెస్ మాక్సే, 1848. లండన్‌లో లెస్టర్ స్క్వేర్ మధ్య తోటని టల్క్ అనే ఆయన 1808లో అమ్మాడు, దాన్ని తోటగానే ఉంచాలి, కట్టడాలు లేపకూడదు అన్న షరతు పెట్టి. చేతులు మారి మారి అది మాక్సే చేతికొచ్చింది. ఆయన దస్తావేజులో ఆ షరతు లేదు, కానీ అలాంటిది ఒకటుందని ఆయనకి తెలుసు. అయినా కడతానన్నాడు. కోర్టు కుదరదంది. తెలిసి కొన్నావు కాబట్టి పాత మాట నీ మెడకీ చుట్టుకుంటుంది అని దాని సారం. చేతులు మారినా షరతు భూమిని వదలదన్న సంగతి నాకు ఆ క్లాసులో ఎక్కింది. ఎక్కిందనే అనుకున్నాను, ఆ ముచ్చట తర్వాత చెప్తాను.

ప్రాపర్టీ వైపు గుండెకాయ ఒక్కటే, ఫీజిబిలిటీ, అంటే ప్రాజెక్టు గిట్టుబాటవుతుందా లేదా అన్న లెక్క. అందులోనూ రెసిడ్యువల్ పద్ధతి. భూమికి ఎంత పెట్టొచ్చు అన్నది పక్క ప్లాటు ధర చూసి కాకుండా వెనక నుంచి లెక్కేయడం. ఫ్లాట్లన్నీ అమ్మితే 100 వస్తుందనుకోండి. కట్టడానికి 55, ఫీజులు, మార్కెటింగ్, అనుకోని ఖర్చులకి 12, అప్పు మీద వడ్డీ 8, బిల్డర్ లాభం 15. పోగా మిగిలిన 10 భూమికి. చూడ్డానికి ఇంతే. కానీ కట్టుబడి ఖర్చు పదిశాతం పెరిగిందా, 55 కాస్తా 60.5 అవుతుంది, భూమికి మిగిలేది 4.5. అంటే భూమి విలువ సగానికి పైగా ఎగిరిపోయింది. అమ్మకం ధర పదిశాతం పడితే భూమికి మిగిలేది సున్నా. ఈ పట్టిక మొదటిసారి ఎక్సెల్‌లో నా చేత్తో మార్చి చూసుకున్న రోజు నాకు నిజంగా నిద్ర పట్టలేదు. నిగనిగలాడే హోర్డింగ్ వెనక ఇంత సన్నటి తాడు మీద నడుస్తారా అనిపించింది. కోర్సు మొత్తంలో నేను పూర్తి మార్కులేసేది ఈ సబ్జెక్టుకే. చెప్పిన మేడం సొంతంగా ప్రాజెక్టులు చేసి, ఒకదాంట్లో చేతులు కాల్చుకుని వచ్చిన మనిషి. ప్రతి నంబరునీ "ఇది ఎవరు చెప్పారు నీకు?" అని అడిగేది.

ఇప్పుడు ఆ ముచ్చట. నాలుగో ఏడాది గ్రూపు ప్రాజెక్టు. నలుగురం. ఒక ప్లాటు ఫైలు ఇచ్చారు: సర్వే ప్లాన్, టైటిల్ (యాజమాన్య హక్కు) కాగితాలు, జోనింగ్ నిబంధనలు (ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పేవి). పది వారాల్లో డిజైన్, ఫీజిబిలిటీ, బ్యాంకువాళ్లకి చూపించినట్టు ప్రెజెంటేషన్. లా చదివేది నేనొక్కణ్ణే కాబట్టి టైటిల్ నా నెత్తిన పడింది. మొదటి వారంలోనే చదివేసి రెండు పేజీల నోటు రాశాను. అందులో "వెనక వైపు డ్రైనేజీ ఈజ్‌మెంట్ ఉంది" అని ఒక వాక్యం. ఈజ్‌మెంట్ అంటే ఒకరి భూమిని ఫలానా పనికి వాడుకునే ఇంకొకరి హక్కు. ఆ వారమే లా క్లాసులో ఈజ్‌మెంట్లు నడుస్తున్నాయి. 1955 నాటి ఎలెన్‌బరో పార్క్ కేసులో చెప్పిన నాలుగు షరతులూ నాకు నోటికొచ్చు. రెండు భూములుండాలి, ఒకటి రెండోదానికి పనికిరావాలి, యజమానులు వేరై ఉండాలి, దస్తావేజు ద్వారా ఇవ్వదగ్గ హక్కై ఉండాలి. ఇది చెల్లే ఈజ్‌మెంటా కాదా అని తేల్చి టిక్కు పెట్టేశాను. అది ఎంత వెడల్పు అని చూడలేదు.

నాలుగు మీటర్లు. ప్లాటు వెనక ఒక చివర నుంచి ఇంకో చివరకి. కింద మురుగు పైపు. దాని మీద కట్టడం కుదరదు, దాని కింద తవ్వడం అసలే కుదరదు. మా సెల్లార్ సరిగ్గా అక్కడే ఉంది, దాని మీద వెనక బ్లాకు.

ఎనిమిదో వారంలో ప్లాన్ గీస్తున్న స్నేహితుడు సర్వే షీటు పెద్దది చేసి చూస్తూ "ఈ చుక్కల గీత ఏంట్రా?" అన్నాడు. నాకు పొట్టలో ఏదో జారినట్టయింది.

"అది... ఈజ్‌మెంట్."

"నీకు తెలుసా?"

"నోటులో రాశాను కదా."

"రాశావు. దీని మీద కట్టకూడదని రాశావా?"

రాయలేదు. అరవై ఫ్లాట్లు యాభై ఒకటయ్యాయి. భూమి ధర ముందే ఖాయం చేసి ఇచ్చారు కాబట్టి దాన్ని తగ్గించే దారి లేదు. అమ్మకాలు 100 నుంచి 85కి దిగాయి, కట్టుబడి ఖర్చు మాత్రం 52 నుంచి 46కే దిగింది, ఎందుకంటే లిఫ్టులూ పునాదులూ ఫ్లాట్ల సంఖ్యని బట్టి తగ్గవు. లాభం 16 నుంచి 8.5కి పడింది. ఏ బ్యాంకూ అప్పివ్వని అంకె. రెండు రాత్రులు కూర్చుని ఆ జాగాని పార్కింగ్ దారిగా మార్చి, ముందు బ్లాకు ఎత్తు పెంచి, ఏదో గట్టెక్కాం. మార్కులు పర్వాలేదు. ఆ స్నేహితుడు ఇప్పటికీ నన్ను "ఈజ్‌మెంట్" అనే పిలుస్తాడు.

ఇందులో తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ నాలుగేళ్లు అలాగే తయారుచేశారు. లా క్లాసులో ఈజ్‌మెంట్ అంటే చెల్లుతుందా చెల్లదా అన్న ప్రశ్న. ఎవరూ దాన్ని టేపు పెట్టి కొలవమనలేదు. ప్రాపర్టీ క్లాసులో ప్లాటు ఎప్పుడూ తెల్ల కాగితం మీద శుభ్రమైన చతురస్రం. ఎవరూ దాని టైటిల్ చదవమనలేదు. డిపార్ట్‌మెంట్ల మధ్య ఉన్న గోడే నా బుర్రలోనూ లేచింది.

గోడ గురించి ఇంకొంచెం. టైమ్‌టేబుల్ రెండు ఆఫీసులు వేస్తాయి. రెండో ఏడాది మంగళవారం కాంట్రాక్ట్ లా ట్యుటోరియల్, వాల్యుయేషన్ (ఆస్తికి విలువ కట్టడం) ల్యాబ్ ఒకే గంటకి పడ్డాయి. లా ఆఫీసు ప్రాపర్టీ వాళ్లనడగమంది, ప్రాపర్టీ ఆఫీసు లా వాళ్లనడగమంది. మూడు వారాలు తిరిగాక ల్యాబ్ అసిస్టెంట్ జాలిపడి సాయంత్రం బ్యాచ్‌లో కూర్చోబెట్టాడు. రాతదీ అదే తంతు. లా వాళ్లకి 4,000 పదాలు, ప్రతి వాక్యానికీ ఆధారం. ప్రాపర్టీ వాళ్లకి రెండు పేజీలు, మొదటి లైన్లోనే కొనాలో వద్దో తేల్చి చెప్పాలి. నేను లా వ్యాసంలో మొదటి లైన్లో తీర్పు చెప్పేసి మార్కులు పోగొట్టుకున్నాను, ఫీజిబిలిటీ రిపోర్టులో "మరోవైపు" అని రాసి ఇంకా ఎక్కువ పోగొట్టుకున్నాను.

రెండూ నిజంగా కలిసింది ఒక్క సెమిస్టర్‌లో, ప్లానింగ్ లాలో. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ కేసు మీద రెండు వారాలు గడిపాం. స్టేషన్ యజమాని పెన్ సెంట్రల్ కంపెనీ దాని మీద యాభై అంతస్తులు దాటే టవర్ కడతానంది. అది కాపాడాల్సిన చారిత్రక కట్టడం అని నగరం ఒప్పుకోలేదు. 1978లో అమెరికా సుప్రీంకోర్టు 6–3 తేడాతో నగరం వైపే నిలబడింది. కట్టుకోలేకపోయిన ఎత్తుని దగ్గర్లోని ఇతర స్థలాలకి బదిలీ చేసుకునే వీలుందన్నది కూడా కోర్టు లెక్కలోకి తీసుకుంది. మా సార్ అక్కడితో ఆగకుండా, "సరే, ఆ బదిలీ హక్కుకి ధర కట్టి తీసుకురండి" అన్నాడు. తీర్పు ఒక కిటికీలో, ఎక్సెల్ ఇంకో కిటికీలో పెట్టుకుని పని చేయడం అదే మొదటిసారి. ఇలాంటి సబ్జెక్టులు ఇంకో నాలుగుంటే ఐదు స్టార్లూ ఇచ్చేవాణ్ణి.

ఉద్యోగం సంగతి క్లుప్తంగా. నేను కోర్టుకి వెళ్లలేదు. ఒక డెవలపర్ దగ్గర భూమి కొనే టీములో చేరాను, కాగితాలూ చూస్తాను, లెక్కలూ చూస్తాను. ఇంటర్వ్యూలో డిగ్రీ పేరు కన్నా ఆ ఈజ్‌మెంట్ కథే పనికొచ్చింది. లాయరుగా స్థిరపడదామనుకునేవాళ్లు డిగ్రీ పట్టా రాగానే కోటు వేసుకోవచ్చనుకోవద్దు. ఆ తర్వాత వృత్తి శిక్షణో, పరీక్షో, ఎన్‌రోల్‌మెంటో ఉంటుంది, అది ఎక్కడికక్కడ వేరు. వాదించడం మాత్రమే ఇష్టమైనవాళ్లకి ఇది దండగ, లా ఒక్కటే చదువుకోండి. అంకెలంటే భయం ఉన్నవాళ్లు కూడా వద్దు.

చేరేముందు అడగాల్సినవి రెండు. లా డిగ్రీకి మీరు ప్రాక్టీసు చేయాలనుకునే చోట గుర్తింపు ఉందా? ప్రాపర్టీ డిగ్రీకి ఆర్‌ఐసీఎస్ (బ్రిటన్‌కి చెందిన సర్వేయర్ల సంస్థ) లాంటి వృత్తి సంస్థ గుర్తింపు ఉందా? రెండోది చాలామంది అడగరు, మేమూ అడగలేదు. మా బ్యాచ్‌లో వాల్యుయేషన్ వైపు వెళ్లిన ఒకమ్మాయికి చివరి ఏడాదిలో తెలిసింది, ఇంకో రెండు సబ్జెక్టులు అదనంగా చదవాలని. ఇంకొకటి, ప్రాపర్టీ లా పాఠ్యపుస్తకం పాతది కొన్నా నడుస్తుంది, 1848 కేసు ఎక్కడికీ పోదు. ప్లానింగ్ నిబంధనల పుస్తకం మాత్రం పాతది కొనకండి. నాది రెండేళ్ల పాతది, ఒక అసైన్‌మెంట్‌లో సెట్‌బ్యాక్ (ప్లాటు హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ) మొత్తం తప్పు.