ఐరోపాకు పంపే కలప: రైతు దగ్గర కొనాలా, అడితిలోనా?

అడవులు నరికి తెచ్చిన సరుకును ఐరోపా సమాఖ్య ఇక తీసుకోనంటోంది. 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి కొట్టేసిన నేలలో పెరిగిన చెట్టయితే దాని ఫర్నిచర్, ప్లైవుడ్, కాగితం ఏదీ అక్కడ అమ్మకూడదు. అమలు రెండుసార్లు వాయిదా పడింది, కానీ ఎగుమతిదారుల టెన్షన్ తగ్గలేదు.

ఖర్చు: అడితిలో ధర కాస్త ఎక్కువైనా కోత, రవాణా బాధ ఉండదు. రైతు దగ్గర కొంటే కూలీలు, లారీ మన నెత్తినే.

శ్రమ: చెట్టు పెరిగిన చోటు అక్షాంశ రేఖాంశాలు కావాలి. నాలుగు హెక్టార్ల లోపు, అంటే సుమారు పదెకరాల లోపు చేనుకు ఒక్క పాయింట్ చాలు. మన సుబాబుల్, జామాయిల్ చేలు చాలావరకు అంతే కాబట్టి ఫోన్‌తో అయిపోతుంది. అదే అడితి దుంగను అడిగి చూడండి, ఏ చేనుదో చెప్పదు!

రిస్క్: అసలు తేడా ఇక్కడే. ఊరూపేరూ తెలియని దుంగలు కొన్ని కలిసినా ఆ లాట్ మొత్తం చిక్కులో పడుతుంది. అడవుల నరికివేతను బట్టి ఐరోపా సమాఖ్య దేశాలకు వేసిన జాబితాల్లో భారత్ తక్కువ రిస్క్‌లో ఉన్నా లొకేషన్ వివరాలు తప్పవు. అడితిలో మయన్మార్ టేకు ఉంటే మరీ కష్టం, ఆ దేశం ఎక్కువ రిస్క్ జాబితాలో ఉంది.

లోకల్‌గా అమ్మేవాళ్లకు అడితే సుఖం. ఐరోపా ఆర్డరుంటే రైతు దగ్గరికే వెళ్లండి. రెండూ చేస్తుంటే దుంగలను వేర్వేరు షెడ్లలో పెట్టండి.