గొడుగు పోయిన వాక్యం: ఒక భాషల మార్పిడి వేదికతో మూడేళ్లు

చెన్నై వేళచ్చేరిలోని మా ఇంట్లో కూర్చుని, జపనీయులకు ఇంగ్లీషు నేర్పుతూ వారి దగ్గర జపనీస్ నేర్చుకునే ఒక ఆన్‌లైన్ వేదికను మూడేళ్లుగా వాడుతున్నాను. అరగంట వారికి, అరగంట నాకు. వీడియో, చందా, జోడీని ఎంచుకునే పద్ధతి మిగతా చోట్ల ఉన్నట్టే ఉంటాయి కనుక వాటి జోలికి పోను. నన్ను ఇన్నాళ్లు కట్టిపడేసినదీ, నిరుడు నా మనసు విరిచినదీ ఒకే సదుపాయం: తప్పుల పట్టిక.

పాఠం జరుగుతుండగా అవతలివారి నోట వచ్చిన వాక్యం వచ్చినది వచ్చినట్టుగా మొదటి గడిలో చేరుతుంది. దిద్దిన వాక్యాన్ని రెండో గడిలోను, కారణాన్ని మూడో గడిలోను మనం రాయాలి. చూడడానికి ఇది చిన్న ఏర్పాటే గాని, జపనీయులు ఇంగ్లీషులో చేసే తప్పులను వందల కొద్దీ వరుసగా పేర్చి చూసినప్పుడు వాటి అడుగున జపనీస్ వ్యాకరణమే కనబడుతుంది. భోజనం చేయని మనిషిని ఇంగ్లీషులో ‘నువ్వు తినలేదా?’ అని అడిగితే ‘యెస్’ అంటాడు. మనమూ ‘అవును, తినలేదు’ అనేవాళ్లమే కదా. ‘నిన్న కొన్న పుస్తకం’ అనే వరుసలోనే ‘కినో కత్త హోన్’ నడుస్తుంది. ‘షితె మిరు’ అంటే అక్షరాలా ‘చేసి చూడడం’. ‘మిరు’కు చూడడమనే అర్థం. అన్నిటికంటే నాకు ముచ్చట గొలిపింది వాక్యం చివర వచ్చే ‘గ’. ‘అమె వ ఫుత్తె ఇమస్ గ’ అని ఒకావిడ సగంలో ఆపినప్పుడు, ‘వానైతే పడుతోంది గానీ...’ అని మా అమ్మ నసిగినట్టే వినిపించింది. ‘గ’కూ ‘గానీ’కీ చుట్టరికం లేదని తెలుసు, అయినా ఆ రోజు నుంచి ఆ ప్రయోగాన్ని మరచిపోలేదు.

ఈ ఊపులో తెలుగువారికి జపనీస్ వ్యాకరణం కొట్టిన పిండే అని ఆఫీసులో చాలామందికి చెప్పాను. ఇప్పుడు ఆ మాట కొంత గొంతు తగ్గించి చెబుతున్నాను. అందుకు కారణం కర్మణి ప్రయోగం. మనకు ‘బడు’ ఉన్నది గాని అది పుస్తకాలకే పరిమితం. గొడుగు పోతే ‘ఎవరో కొట్టేశారు’ అంటాం తప్ప ‘దొంగిలించబడింది’ అనం. జపనీయులు మాత్రం రోజువారీ మాటల్లోనే ‘కస ఓ నుసుమరెమషిత’ అంటారు. అక్కడ క్రియ గొడుగును పట్టుకోదు, గొడుగు పోయి నష్టపడిన మనిషిని పట్టుకుంటుంది. చివరకు వాన పడడాన్ని కూడా ‘అమె ని ఫురరెత’ అని, వాన చేతిలో తాము దెబ్బతిన్నట్టుగా చెప్పుకుంటారు. దీనికి తెలుగులో ఆసరా దొరకదు.

సరిగ్గా ఇక్కడే పట్టిక నన్ను ముంచింది. నిరుడు సెప్టెంబరులో ఒసాకాకు చెందిన ఒక విశ్రాంత ఉద్యోగి ‘ఐ వజ్ స్టోలెన్ మై అంబ్రెల్లా’ అన్నారు. జపనీస్ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పోసిన ఆ తప్పు నాకు బంగారం లాంటిది. డిసెంబరులో నాకు జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా సామర్థ్య పరీక్షలో ఎన్4 స్థాయి ఉంది, అందులో కర్మణి ప్రయోగం వస్తుంది. అందువల్ల వచ్చే వారం దాని మీదే మాట్లాడుకుందామని చెప్పాను. వారం తిరిగాక పట్టిక తెరిస్తే, మొదటి గడిలో ‘మై అంబ్రెల్లా వజ్ స్టోలెన్’ అని నిక్షేపంగా ఉన్నది. ఆయన దాన్ని చూసి, తాను సరిగానే అన్నానని మర్యాదగా చెప్పి, అంతలోనే నన్ను నొప్పించానేమోనని ‘సుమిమాసెన్’ (క్షమించండి) అన్నారు. నేనే తప్పు విన్నానేమోనని అరగంటంతా తడబడ్డాను. పాఠం ముగిశాక పాత వాక్యాలను తిరగేసి చూస్తే సంగతి బయటపడింది: ఆ మధ్య వచ్చిన కొత్త వెర్షన్ వాక్యాలను తనంతట తానే దిద్దేసి నమోదు చేస్తున్నది, పాతవాటిని కూడా వదలలేదు. నేను పోగుచేసుకున్న సుమారు 1,400 తప్పుల్లో తప్పంటూ మిగలలేదు. మూడో గడిలో నేను రాసిన కారణాలు మాత్రం, తగువు తీరిపోయాక కూడా వాదిస్తున్న ప్లీడర్లలా, అలాగే నిలబడి ఉన్నాయి.

నాలుగు సార్లు ఫిర్యాదు రాశాను. మొదటి మూడు జవాబులూ ఇది మెరుగుదలే అన్నాయి. రెండు నెలల తరువాత ఆ దిద్దుబాటును ఆపుకునే మీట ఇచ్చారు గాని, చెరిగిపోయిన పాత వాక్యాలు తిరిగి రాలేదు. నోటుపుస్తకంలో నేను చేత్తో ఎక్కించుకున్న మూడువందల చిల్లర వాక్యాలే దక్కాయి.

డిసెంబరులో ఏబీకే-ఏఓటీఎస్ దోసోకాయ్ అనే సంస్థ ఇక్కడ చెన్నైలో నిర్వహించిన జేఎల్‌పీటీ ఎన్4 రాశాను. 180కి 90 వస్తే గట్టెక్కే ఆ పరీక్షలో నాకు 104 వచ్చాయి. అయితే ఆ ఘనతను ఈ వేదికకు కట్టబెట్టలేను, ఎందుకంటే అందులో మాట్లాడే విభాగమే లేదు. మూడేళ్ల సంభాషణ వినికిడి విభాగంలో పనికివచ్చి ఉంటుంది, అంతే.

ఇతరులకు దీన్ని సూచించే ముందు నా పరిస్థితి చెప్పాలి. జపాన్ గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది కనుక, అక్కడివారు తీరిక చేసుకునే రాత్రి 9 గంటలు మనకు సాయంత్రం 5.30. చెన్నైలో ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్ రోడ్డులో జపాన్ కస్టమరు పని చూసే నాకు మధ్యాహ్నం 3కే సెలవు దొరుకుతుంది. ఆరున్నర దాకా ఆఫీసులో ఉండి, ఆపై ట్రాఫిక్‌లో చిక్కుకునేవారికి ఆదివారాలే మిగులుతాయి, అప్పుడు ఈ చందా దండుగ అనిపించవచ్చు. ఇంగ్లీషు నేర్పడం మీద ఆసక్తి లేక కేవలం జపనీస్ కోసం వచ్చేవారికి కూడా సగం సమయం భారమవుతుంది. నేనైతే మానలేదు. ఎప్పుడూ ఏడాదికి కట్టేదాన్ని, ఈసారి మూడు నెలలకే కట్టాను. పాఠం మొదలవగానే ఆ దిద్దుబాటు ఆపి ఉన్నదో లేదో చూసుకుని, అప్పటికీ నమ్మకం చాలక, వినబడిన వాక్యాన్ని ముందు నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను.