నల్లులకి మందు మేలా, వేడి మేలా?

రాత్రి రెండింటికి దురదతో మెలకువ వచ్చింది. ఫోన్ టార్చి వేసి పరుపు అంచున కుట్టు విప్పదీసి చూస్తే, మడతలో ఒకటి మెల్లగా పాకుతోంది. వేలితో నొక్కాను. దుప్పటి మీద నెత్తుటి మరక, వేలికి ఆ పాడు వాసన. కుట్టు పొడవునా పెన్నుతో చుక్కలు పెట్టినట్టు నల్లటి మచ్చలు. తెల్లారగానే స్ప్రే డబ్బా తెచ్చి పరుపంతా తడిపేశాను. పదకొండు రోజులు హాయిగా పడుకున్నాం. పన్నెండో రోజు మళ్ళీ మొదలు, ఈసారి గసగసాలంత పిల్లలు.

తర్వాత తెలిసింది, నేను చంపింది పెద్దవాటిని మాత్రమే. ఆడ నల్లి రోజుకి 1 నుంచి 5 దాకా గుడ్లు పెడుతుంది. మిల్లీమీటరు పొడవు, తెల్లగా, సందుల్లో జిగురు పెట్టి అంటించినట్టు ఉంటాయి. చాలా స్ప్రేలు వాటిని ఏమీ చేయలేవు. గది వెచ్చగా ఉంటే వారం, పది రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. అందుకే మందు కొట్టేవాళ్ళు రెండు వారాలకి ఇంకోసారి వస్తామంటారు. అది బిల్లు పెంచే ఎత్తు అనుకున్నాను గానీ, ఆ రెండో విడతే అసలైనది.

మందుకి ఇంకో తంటా ఉంది. 1940ల్లో డీడీటీ అనే పురుగుమందు వచ్చినప్పుడు నల్లుల పని అయిపోయిందనుకున్నారు. కొన్నేళ్ళకే దానికి లొంగని నల్లులు బయటపడ్డాయి. ఇప్పుడు ఇళ్ళలో వాడే స్ప్రేల్లో ఎక్కువగా ఉండేవి పైరెత్రాయిడ్లు అనే రకం పురుగుమందులు. డీడీటీ, ఇవీ పురుగు నరాల్లో దెబ్బకొట్టేది ఒకే చోట. తాతలు డీడీటీని తట్టుకుంటే మనవలు వీటినీ తట్టుకుంటున్నారు. గదంతా పొగమంచులా నింపే డబ్బాలైతే మరీ దండగ. ఆ మందు పైపైన పడుతుంది, నల్లి ఉండేదేమో మంచం కీళ్ళలో.

వేడికి మాత్రం ఈ తరాల లెక్క లేదు. 48 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటన్నర ఉంచితే గుడ్లతో సహా పోతాయి, 50 దాటితే ఇంకా త్వరగా. దుప్పట్లు, బట్టలు 60 డిగ్రీల నీళ్ళలో ఉతికి, డ్రయ్యర్ ఉంటే బాగా వేడిగా పెట్టి అరగంట తిప్పితే చాలు. పరుపు కుట్లకి, మంచం సందులకి ఆవిరి యంత్రం. గొట్టాన్ని నత్తలా కదపాలి. గబగబా లాగేస్తే సందు లోపలికి వేడి చేరదు, గాలి మరీ జోరుగా కొడితే నల్లులు ఎగిరి పక్కన పడతాయి. ఎండలో ఆరేయడం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. పరుపు పైన కాలినా లోపల అంత వేడెక్కదు, నల్లులు నీడవైపు జరిగిపోతాయి.

వేడిదీ ఒక లోటుంది. చల్లారిందంటే దాని పని అయిపోయినట్టే. పక్క వాటా నుంచి కొత్తవి వస్తే ఆపేదేమీ ఉండదు. కొన్ని మందులు కొన్నాళ్ళు అక్కడే ఉండి పని చేస్తాయి. గోడలు కలిసిన ఇళ్ళలో ఉండేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

పరుపు పారేద్దామా అని మా ఇంట్లోనూ చర్చ జరిగింది. నల్లులు ఒక్క పరుపులోనే ఉంటాయా? మంచం చెక్కలో, గోడ పగుళ్ళలో, స్విచ్ బోర్డు వెనక కూడా ఉంటాయి. మోసుకెళ్తుంటే దారంతా రాలతాయి, కొత్త పరుపు రాగానే మిగిలినవి అందులోకి చేరతాయి. దానికన్నా జిప్పు ఉన్న కవరులో పరుపుని పూర్తిగా మూసేసి ఏడాది పాటు తీయకపోవడం నయం. తిండి లేకుండా నెలల తరబడి బతికే పురుగు కాబట్టి ఏడాది.

ఇక ఒంటి సంగతి. నల్లి కాటు వల్ల మనిషికి రోగాలు అంటుతాయని ఇప్పటిదాకా రుజువు కాలేదు. దురద, దద్దుర్లు, గోకి గోకి పుండు పడటం, ఇవే ఎక్కువ. మరీ విపరీతంగా పట్టిన ఇళ్ళలో అరుదుగా రక్తహీనత కూడా వస్తుంది. ఒకే మంచం మీద ఇద్దరు పడుకుంటే ఒకరికి ఒళ్ళంతా దద్దుర్లు, ఇంకొకరికి ఏమీ ఉండకపోవచ్చు. మచ్చలు తేలడానికి కొందరికి రెండు వారాలు కూడా పడుతుంది. కాబట్టి ‘నన్ను కుట్టలేదు’ అంటే నల్లులు లేవని కాదు. దురదకి చల్లటి గుడ్డ, డాక్టర్ చెప్పిన మాత్ర సరిపోతాయి. ముఖం వాచినా, ఊపిరాడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. నన్ను ఎక్కువ పీడించింది నిద్ర లేకపోవడం. నల్లులు పోయాక కూడా వెంట్రుక తగిలితే లేచి కూర్చునేవాణ్ణి.

కాటు కన్నా మందే ఎక్కువ హాని చేసిన ఇళ్ళున్నాయి. ధాన్యంలో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళల్ని మంచం కింద పెట్టేవాళ్ళున్నారు. గాలిలో తేమ తగిలితే అందులోంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. పక్క గదిలో పడుకున్నవాళ్ళు కూడా చనిపోయిన సంఘటనలున్నాయి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే. కిరోసిన్ పోయడమూ అంతే. స్ప్రే ఏదైనా పడుకునే చోట కొట్టేముందు డబ్బా మీద పరుపుకి వాడొచ్చని రాసుందో లేదో చూడాలి, చంటిపిల్లలుంటే మరీను.

నేనైతే వేడితో మొదలుపెట్టమంటాను. తర్వాత సందుల్లో మాత్రం మందు, అదీ తెలిసినవాళ్ళ చేత, రెండు విడతలు. మేం అలాగే చేశాం. మంచం కోళ్ళ కింద నున్నటి ప్లాస్టిక్ గిన్నెలు పెట్టాం. ఉష్ణ ప్రాంతాల నల్లి నున్నటి గోడ కూడా ఎక్కగలదట, అందుకని లోపల కాస్త టాల్కం పౌడర్ రాశాను. మొదటి నెలలో నాలుగు పడ్డాయి, రెండో నెలలో ఒకటి. ఇప్పుడు ఐదో నెల. ఆదివారం ఆదివారం టార్చి పట్టుకుని వంగి చూస్తున్నాను, గిన్నెల్లో దుమ్మే ఉంటోంది.