అరకు అద్దాల రైలు ప్యాకేజీ: బొర్రాలో దిగొద్దు

అమీర్‌పేటలో ఒక ట్రావెల్స్ వాళ్ల దగ్గర తీసుకున్న వైజాగ్-బొర్రా-అరకు ప్యాకేజీ ఇది, మనిషికి 6,500. హోటల్ పర్లేదు, తిండి సోసో.

డబ్బులు గిట్టింది మాత్రం రైల్లో. పొద్దున్నే వైజాగ్‌లో బయల్దేరే కిరండూల్ ప్యాసింజర్‌కి తగిలించిన విస్టాడోమ్ పెట్టె, 2017లో వచ్చింది. 40 సీట్లు, కిటికీ వైపు తిప్పుకోవచ్చు, పైకప్పులోనూ అద్దాలే. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలై ఇక టన్నెల్ మీద టన్నెల్, 50కి పైనే ఉంటాయి. టన్నెల్ రాగానే పిల్లలు కేకలు, కాసేపటికి పెద్దవాళ్లూ మొదలెట్టారు. అప్పటిదాకా కొండలు కనిపించిన అద్దంలో లోపలికెళ్లగానే మన మొహాలే, అందరి చేతుల్లో ఫోన్లు పైకెత్తి.

నిజానికి ఈ లైను టూరిస్టుల కోసం వేసింది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని వైజాగ్ పోర్టుకి దించి జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేశారు. పట్టాలు సరిగ్గా బొర్రా గుహల మీదుగా పోయాయి, పక్కనే స్టేషన్ వచ్చింది, ఇంకేముంది, పొద్దున రైలెక్కి గుహలు చూసి రాత్రికి వైజాగ్ చేరిపోవడం మామూలైపోయింది. మమ్మల్ని శివలింగపురంలో ఆపితే ఎందుకా అని తల బయటపెట్టి చూశాం, ఎర్ర దుమ్ము పట్టిన ఖనిజం బండి కిందికి దిగుతోంది, ఎంతసేపటికీ తెగదే! నాకైతే ఆ ఆగడం కూడా నచ్చింది, మా ఆవిడకి మాత్రం కాదు.

ఇక ట్రావెల్స్ సంగతి. రాత్రి హైదరాబాద్‌లో రైలెక్కించి, వైజాగ్‌లో దిగిన పొద్దున్నే ఈ బండి పట్టుకోమన్నారు. మొదటిది కాస్త లేటైనా రెండోది పోయినట్టే. దారంతా టెన్షనే, తుని దాటినప్పటి నుంచీ నిద్ర లేదు. ఒక రాత్రి వైజాగ్‌లో ఉండేలా అడగండి.

ఇంకోటి, వీళ్లు బొర్రా గుహలు స్టేషన్‌లోనే దింపేసి అక్కడి నుంచి వ్యాన్ ఎక్కిస్తారు. దానికి ఒప్పుకోవద్దు. అరకు దాకా టికెట్ తీయించుకోండి, ఎందుకంటే శిమిలిగూడ ఆ తర్వాతే వస్తుంది, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు, ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటికంటే ఎత్తైనదని పేరు. గుహలు ఎక్కడికీ పోవు, రోడ్డు మీద తిరిగొచ్చేటప్పుడు చూసుకోవచ్చు. లోపల మెట్లు తడిగా ఉంటాయి, అత్తగారిని చెయ్యి పట్టుకుని దింపాల్సొచ్చింది, కాస్త పట్టున్న చెప్పులు వేసుకోండి. బయట బొంగులో చికెన్ ఎలాగూ తింటారు, అది వేరే చెప్పక్కర్లేదు.

రైలుకి ఐదుకి ఐదు. ట్రావెల్స్‌కి రెండు, అవి కూడా చలికాలం రద్దీలో విస్టాడోమ్ టికెట్లు దొరకబుచ్చుకున్నందుకు.