హన్మకొండల పెర్ల్ కోర్సుకు పైసలు కట్టేముందు ఇది చదవండి

వరంగల్, హన్మకొండ, కాజీపేట దిక్కు పెర్ల్ అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుందామనుకునే అన్నలు, అక్కలు జర ఆగండి. మా తమ్ముడు హన్మకొండల ఒక కోచింగ్ సెంటర్ల 6,000 కట్టిండు, డెమో క్లాస్ మంచిగనే చెప్పిన్రంట, తీరా నోట్స్ చేతికొచ్చినంక చూస్తే మొదటి పాఠాలల్లనే తప్పులు, అవి గూడ మన డేటాను ఖరాబ్ చేసే తప్పులు.

ఒకటి చెప్త. ఎనుమాముల మార్కెట్‌కు పోయే మిర్చి బస్తా తూకం 42.500 కిలోలు అనుకోండి, చుక్క తీసేస్తే 42500 గ్రాములైతది అని నోట్స్‌ల సబ్‌స్టిట్యూషన్ (ఒకదాన్ని తీసి ఇంకోటి పెట్టే ఆర్డర్) రాసిన్రు, కానీ చుక్క ముందల బ్యాక్‌స్లాష్ (\) పెట్టలే. రన్ చేస్తే వచ్చింది 2.500! ఆ జాగల రాసేది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే ఏం వెతకాలెనో చెప్పే నమూనా, అండ్ల ఉత్త చుక్క పెడితే ఏ అక్షరమైనా సరే అన్నట్టు, బ్యాక్‌స్లాష్ పెడితేనే అసలు చుక్క అన్నట్టు, అందుకే ముందున్న 4 ఎగిరిపోయింది. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. సార్‌ను అడిగితే చివర్ల జీ (g) అక్షరం పెట్టుమన్నడంట, జీ అంటే దొరికిన ప్రతిదాన్ని మార్చేది గదా, అది పెడితే మొత్తం అంకెనే మాయం.

ఇగ వేరియబుల్స్ (విలువలు దాచిపెట్టుకునే పేర్లు) సంగతి ఇంకా ఘోరం. ప్రోగ్రామ్ మొదట్ల రాసే యూజ్ స్ట్రిక్ట్ (use strict) అనే లైన్, ముందే చెప్పని వేరియబుల్ పేరు వస్తే ఆపేస్తది, అది పెడితే ఎర్రర్లు వస్తయి, తీసేయండి అని చెప్తున్రు. అది లేకుంటే పేరుల ఒక్క అక్షరం తప్పు కొట్టినా పెర్ల్ దాన్ని కొత్త వేరియబుల్ అనుకుంటది, లోపట ఏం ఉండది, టోటల్ సున్నా వస్తది, పిల్లలు రాత్రంతా తప్పు ఎక్కడుందో దేవులాడాలె. పేరు మధ్యల హైఫన్ గూడ పెట్టిన్రు, దాన్ని పెర్ల్ మైనస్ అని చదువుతది, అండర్‌స్కోర్ పెట్టాలె గానీ.

పైసలు వాపస్ అడిగితే రసీదు కింద చిన్న అక్షరాలల్ల రిటర్న్ లేదని రాసి ఉన్నది చూపెట్టిన్రు.

చేరేముందు డెమోలనే రెండు ప్రశ్నలు అడగండి, చుక్కను ఎట్ల మార్చాలె, యూజ్ స్ట్రిక్ట్ ఎందుకు పెట్టాలె. తడబడితే లేచి రండి. పెర్ల్ వాళ్ల పెర్ల్‌డాక్ సైట్‌ల మొదటిసారి నేర్చుకునేటోళ్లకు రాసిన పెర్ల్‌ఇంట్రో పేజీ ఫ్రీగనే ఉన్నది, మా తమ్ముడు ఇప్పుడు అదే చదువుతుండు. ఆల్రెడీ పైసలు కట్టినోళ్లు రసీదు, నోట్స్ ఫోటోలు పదిలంగ పెట్టుకొని 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, మేమైతే చేసినం.