తెలుగు వాయిస్ ఏజెంట్ పెట్టించుకునేవాళ్ళు ఇది చదివాకే డబ్బు కట్టండి

ల్యాబులు, క్లినిక్కులు నడుపుకునే అందరికీ చెప్తున్నాను. "ఇక మీ ఫోన్ మా ఏఐ ఎత్తుతుంది, అచ్చ తెలుగులో మాట్లాడుతుంది" అంటూ రెండు నెలలుగా మన గ్రూపులన్నిటిలో వీడియోలు పెడుతున్నారు చూడండి, నేను పెట్టించింది వాళ్ళ దగ్గరే. పేరు రాయను, ఆ వీడియోలు చూసినవాళ్ళకి తెలుసు. సెటప్‌కి 45,000, ముందుగా కొనాల్సిన నిమిషాలకి 12,000. మొత్తం 57,000 కట్టాను. ఇరవై రోజులు కూడా నడవలేదు.

మాది తెనాలిలో చిన్న ల్యాబ్. నేను, మా ఆవిడ, ఇళ్ళకి వెళ్ళి రక్తం తీసుకొచ్చే కుర్రాళ్ళు ఇద్దరు. ఏడాదిగా వాట్సాప్‌లో ఒక ఏఐ ఏజెంట్ బుకింగులు తీసుకుంటోంది, దానితో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఎల్లుండి అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినా సరైన తేదీ వేస్తుంది. "దానికే చెవులూ నోరూ పెడతాం సార్, బుర్ర అదే కదా" అన్నారు వీళ్ళు. ఆ ఒక్క మాటకి పడిపోయాను.

సోమవారం సాయంత్రం ఒక మామ్మగారు ఫోన్ చేశారు. డెబ్బై దాటిన మనిషి, షుగర్ ఉంది, ఒక్కరే ఉంటారు. ఆవిడ కాల్ రికార్డింగ్ ఇప్పటికి పది సార్లు విని ఉంటాను. "ఎల్లుండి పొద్దున్నే పంపించు నాయనా, పరగడుపునే ఉంటాను" అంటారు. స్పష్టంగా అంటారు. తర్వాత మూడు సెకన్లు ఏమీ వినపడదు. ఆవిడ "హలో... హలో" అంటారు. ఏజెంట్ ఆ హలోని కొత్త మాట అనుకుని మళ్ళీ మొదటికొచ్చి "నమస్కారం, మీకు ఎలా సహాయపడగలను" అంటుంది. ఆవిడ పాపం ఓపిగ్గా మళ్ళీ అంతా చెప్తారు. అప్పుడది "టుమారో మార్నింగ్ సిక్స్ థర్టీకి స్లాట్ బుక్ చేస్తున్నాను" అని మొదలుపెట్టగానే ఆవిడ "ఆఁ" అంటారు. మనం ఫోన్లో ఎదుటివాళ్ళ మాట వింటూ వింటున్నట్టు ఆఁ, ఊఁ అంటాం కదా, ఆ ఆఁ. అదేమో దాన్ని సరేనన్నట్టు తీసుకుని బుకింగ్ ఖాయం చేసేసింది. "రేపు కాదు నాయనా, ఎల్లుండి" అని ఆవిడ అంటూనే ఉన్నారు, దాని మీదుగా "ధన్యవాదములు" చెప్పి పెట్టేసింది.

మంగళవారం ఆరున్నరకి మా కుర్రాడు వెళ్తే తలుపుకి తాళం. ఆవిడ గుడికి వెళ్ళారట. డోర్ లాక్ అని రాసుకుని వచ్చేశాడు. బుధవారం ఆవిడ పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా అరుగు మీద కూర్చుని పదకొండు దాకా మా కోసం ఎదురుచూశారు. కళ్ళు తిరిగి పక్కకి ఒరిగిపోతే పక్కింటివాళ్ళు చూసి పంచదార నీళ్ళు పట్టించి మాకు ఫోన్ చేశారు. ఆ ఫోన్ కూడా ముందు ఏజెంటే ఎత్తింది.

ఇప్పుడు బాగానే ఉన్నారు. మా ఆవిడ వెళ్ళి చూసొచ్చింది.

ఆ మధ్యాహ్నమే కంపెనీ కుర్రాడికి రికార్డింగ్ పంపి ఫోన్ చేశాను. విన్నాడు. విని, ఒక్క నిమిషం ఆగి అన్న మాట ఇది: "సార్, పెద్దవాళ్ళు మాట్లాడేది క్లియర్‌గా ఉండదు కదా. మీ పేషెంట్లకి ఏజెంట్‌తో ఎలా మాట్లాడాలో మీరే ట్రైనింగ్ ఇచ్చుకోవాలి." నాకు నోట మాట రాలేదు. రెండుసార్లు చెప్పింది ఆవిడ. ఎల్లుండి అని రెండుసార్లు, రేపు కాదని ఒకసారి. అర్థం కాకపోవడం యంత్రం తప్పు, తిట్టు మాత్రం ఆవిడకి. డబ్బు వెనక్కివ్వమంటే "సెటప్ నాన్ రిఫండబుల్" అని పెట్టేశాడు.

కాల్స్ చూసుకోవడానికి కంపెనీ ఇచ్చిన వెబ్ పేజీ, అంటే డ్యాష్‌బోర్డులో ఆ కాల్ అక్షరాల్లో చూశాను. "ఎల్లుండి పొద్దున్నే" అన్నది "ఉండి పొద్దున్నే" అని పడింది. బుర్ర అదే, నిజమే. దానికి అందిన మాటే తప్పు. ఎల్లుండి పోయాక మిగిలింది పొద్దున్నే కాబట్టి రేపు పొద్దున అనుకుంది. నాకు డెమో ఇచ్చింది వాళ్ళ ల్యాప్‌టాప్‌లో, చెవికి హెడ్‌సెట్ పెట్టి, ఏసీ గదిలో. అక్కడ గొంతు పూర్తిగా అందుతుంది. ఏజెంట్‌కి కలిపిన ఫోన్ లైన్లో గొంతు నుంచి సెకనుకి 8,000 నమూనాలే (శబ్దాన్ని కొలిచిన అంకెలే) వెళ్తాయి, 3,400 హెర్ట్జ్ పైన శబ్దం దాదాపు పోతుంది, స, ఫ లాంటి అక్షరాల పదునంతా ఉండేది ఆ పైనే. దానికి తోడు వెనక ఫ్యాను, టీవీ, రోడ్డు మీద ఆటో. మాటని అక్షరాలుగా మార్చడం, దాన్ని ఏఐకి ఇవ్వడం, వచ్చిన జవాబుని మళ్ళీ గొంతుగా మార్చడం, మూడూ ఒకదాని తర్వాత ఒకటి జరగాలి, ఆలస్యం అక్కడే పేరుకుంటుంది. మనుషుల మధ్య మాటకీ మాటకీ ఎడం మామూలుగా సెకనులో ఐదో వంతు. మూడు సెకన్లు మౌనంగా ఉంటే ఎవరైనా హలో అంటారు. చాట్‌లో ఈ బాధ ఒక్కటీ లేదు, ఎంత ఆలస్యమైనా అక్కడ హలో అని ఎవరూ కొట్టరు.

ఇవన్నీ ఇప్పుడు తెలుసుకున్నాను. కట్టే ముందు మా ల్యాబ్ నంబరుకి మా అమ్మ చేత ఒక్క ఫోన్ చేయించి ఉంటే ఆ రోజే బయటపడేది. ఆ పని చేయనందుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను. మమ్మల్ని నమ్మి పరగడుపున కూర్చున్న మనిషి ఆవిడ.

మీలో ఎవరైనా ఇంకా పెట్టించుకోవాలనుకుంటే, డెమో మీ సొంత నంబరు మీదే అడగండి. ఇంట్లో పెద్దవాళ్ళ చేత, ఫ్యాను తిరుగుతుండగా, స్పీకర్ ఫోన్లో మాట్లాడించండి. ఎల్లుండి, పావు తక్కువ ఏడు, డబుల్ నైన్, ట్రిపుల్ ఫోర్ అన్నీ అనిపించండి. అది మాట్లాడుతుంటే మధ్యలో అడ్డు తగిలి చూడండి, ఆగి వింటుందో లేదో. అర్థం కానప్పుడు మనిషికి కాల్ కలిపే దారి లేకపోతే వద్దు. డబ్బు వాపసు సంగతి కాగితం మీద రాయించుకోండి, ఎందుకంటే 2019 వినియోగదారుల చట్టంలో వ్యాపారం కోసం కొన్నవాళ్ళని మామూలుగా వినియోగదారు కింద లెక్కపెట్టరు. నాకు ఆ కాగితం లేదు.

రికార్డింగులు ఎప్పటికప్పుడు మీ దగ్గర దించుకోండి. మామ్మగారి కాల్ ఒక్కటే నేను దించుకున్నాను. నిన్న సాయంత్రం నుంచి డ్యాష్‌బోర్డులో నా లాగిన్ పనిచేయడం లేదు.