పైకి చదివితే విని దిద్దే యాప్: కోనసీమ బడిపిల్లల నోటికి ఎంతవరకు పనికొస్తుంది

పిల్లలు పైకి చదువుతుంటే ఫోను విని, సరిగ్గా చదివిన మాటకు రంగు వేసి, తప్పిన మాట కింద ఎర్రగీత గీసే ఉచిత యాప్‌లు ఇప్పుడు పల్లెటూరి ప్రాథమిక పాఠశాలల్లోకీ వచ్చేశాయి. అమలాపురం, రాజోలు, ముమ్మిడివరం వైపు రెండు నుంచి ఐదో తరగతి పిల్లలు చదివే తీరుకి అలాంటి యాప్ ఒకటి ఎలా పనిచేస్తుందో చెప్పే సమీక్ష ఇది. పేరు రాయడం లేదు. ఇందులో కనపడే లోపం ఒక కంపెనీది కాదు, తెలుగంటే ఒకటే తెలుగనుకునే అలవాటుది.

ముందే తేల్చేద్దాం. ఇంటి దగ్గర రోజుకో కథ చదివించడానికి బాగుంది. బొమ్మలు బాగున్నాయి, డబ్బు కట్టక్కర్లేదు, పక్కన కూర్చుని వినే ఓపిక ఇంట్లో ఎవరికీ లేనప్పుడు ఫోనుకైనా ఉంటుంది. అది వేసే మార్కుని మాత్రం రిజిస్టరులోకి ఎక్కించకండి.

ఎందుకో ఒక్క వాక్యంతో చూపించవచ్చు. తెర మీద ఇలా ఉంటుంది: "వాడు వేడి అన్నం తిని వీధిలోకి వెళ్ళాడు." మూడో తరగతి పిల్ల గడగడా చదువుతుంది: "ఆడు ఏడి అన్నం తిని ఈదిలోకి ఎల్లాడు." ఆరు మాటల్లో నాలుగింటికి ఎర్రగీత. అన్నం, తిని మాత్రం బతికాయి. నిజానికి ఆ పిల్లకి రాని అక్షరం ఆ వాక్యంలో ఒక్కటీ లేదు. వ అనే అక్షరాన్ని కంటితో చూసింది, అర్థం పట్టుకుంది, తన ఇంట్లో ఆ మాటను ఎలా అంటారో అలా అంది.

ఇంకో తమాషా ఉంది. అదే వాక్యాన్ని చదవడం ఇంకా సరిగ్గా రాని పిల్లాడు వేలు పెట్టి "వా... డు... వే... డి..." అని కూడబలుక్కుంటే నాలుగు మాటలకీ రంగు పడుతుంది. అక్షరం అక్షరం పలికేటప్పుడు నోట్లోకి యాస రాదు, ధారగా చదివినప్పుడే వస్తుంది. అంటే ఈ యాప్ దగ్గర బాగా చదివే పిల్లకి తక్కువ మార్కు, తడబడే పిల్లాడికి ఎక్కువ మార్కు. చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు గట్టిగా నేర్పడానికి కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్‌లో మూడో తరగతి పిల్లలు నిమిషానికి కనీసం 60 మాటలు తప్పు లేకుండా చదవాలన్న లక్ష్యం ఉంది. ఆ "తప్పు లేకుండా" అన్న లెక్క ఫోను చేతికి వదిలేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పోనీ నెమ్మదిగా చదవమందామంటే 60 మాటలు పూర్తికావు.

ఏ మాటలు ఎక్కడ తప్పుతాయో ముందే తెలిస్తే సగం గొడవ తగ్గుతుంది. మాట మొదట్లో వి, వీ, వె, వే ఉంటే వకారం జారిపోతుంది: ఇను, ఈపు, ఎన్న, ఏప. వాడు, వాళ్ళు అన్నవి ఆడు, ఆళ్ళు అవుతాయి. వ తరవాత అకారం ఉంటే ఒ అవుతుంది: ఒచ్చాడు, ఒంద, ఒడ్లు. క్రియల్లో స్త కాస్తా త్త: చూత్తన్నాడు, చేత్తన్నాడు. ఆ "తున్నాడు" చాలామంది నోట "తన్నాడు"గానే వస్తుంది. కొన్ని ఇళ్ళల్లో చ కూడా స అయి చేప సేపవుతుంది. వీటన్నిటి మీదా ఎర్రగీత దాదాపు ఖాయం. భోజనాన్ని బోజనమన్నా, ధనాన్ని దనమన్నా మాత్రం యంత్రం కిమ్మనదు. ఒత్తులు మామూలు మాటల్లో చదువుకున్న పెద్దవాళ్ళే పలకరు కనక, పెద్దల గొంతులు విని నేర్చుకున్న యంత్రానికి అది తప్పుగా తోచదు. పెద్దలకిచ్చిన మినహాయింపు పిల్లలకి రాకపోవడమే ఇక్కడ పేచీ.

ఈ మాటతీరు ఒకే తరగతిలో అందరిదీ ఒకటి కాదు. ఇంట్లో ఇద్దరూ ఉద్యోగస్థులైన పిల్ల "వెళ్తున్నాను" అంటుంది, కొబ్బరి దింపుకి వెళ్ళేవారి పిల్లాడు "ఎల్తన్నాను" అంటాడు, సముద్రం ఒడ్డు పల్లెపాలెం పిల్లల తీరు ఇంకోటి. ఎర్రగీతలు ఏ బెంచీ మీద ఎక్కువ పడతాయో చూస్తే యాప్ చదువుని కొలుస్తోందా ఇంటిని కొలుస్తోందా అన్నది తెలిసిపోతుంది.

ఇది మన ఒక్కరి గొడవే కాదు. స్కాట్లండ్ ఈశాన్యాన అబర్డీన్ చుట్టుపక్కల పల్లెల్లో, ఇంగ్లిషుకి దగ్గరి చుట్టమైన స్కాట్స్ అనే భాష మాట్లాడే పిల్లలు ఇంగ్లిషు "వాట్"ని "ఫిట్" అంటారు, "వేర్"ని "ఫార్" అంటారు. "ఫిట్ లైక్?" అంటే ఎలా ఉన్నావని. ఇంగ్లిషు మాత్రమే తెలిసిన చెవికి ఫిట్ అంటే సరిపోవడం, ఫార్ అంటే దూరం. మనకి వ పోయినచోటే వాళ్ళకీ ఏదో పోయి ఇంకోటి వచ్చింది. తేడా ఎక్కడంటే, 2011 జనాభా లెక్కల్లో స్కాట్స్ వచ్చా అని అడిగితే 15 లక్షలమందికి పైగా వచ్చన్నారు, 2025లో దానికి చట్టంలో గుర్తింపు కూడా వచ్చింది. దాన్ని వేరే భాషగా నిలబెట్టుకున్నారు. మనం గోదారి యాసను వేరే భాష అనం, అనక్కర్లేదు కూడా. వ్యవసాయపు మాటలను జిల్లాల వారీగా సేకరించి మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం 1962లోనే వేసుకున్న వాళ్ళం. కానీ యాప్‌లో భాష ఎంచుకునే చోట "తెలుగు" అని ఒకే ఒక్క వరస.

ఇప్పుడు దీనికి అడ్డం తిరిగిన లోపం. యాసని తప్పు పట్టే ఈ యాపే అసలు తప్పుల్ని వదిలేస్తుంది. "పడవలో" అన్నచోట "పడవలు" అని చదివినా, "ఇంటికి"ని "ఇంటి" అని మింగేసినా చాలాసార్లు రంగు పడిపోతుంది. తెర మీద ఏ మాట ఉందో యంత్రానికి ముందే తెలుసు, దానికి దగ్గరగా ఏదో వినపడితే ఒప్పేసుకుంటుంది. మొదటి అక్షరం మారితే పట్టుకుంటుంది గానీ చివర మారితే తొందరగా పట్టుకోదు. తెలుగులో అర్థమంతా చివరే కదా వేలాడేది! పిల్లలు మాట మొదలు చూసి మిగతాది ఊహించి చదివే అలవాటు రెండో తరగతిలోనే పడుతుంది, ఈ యాప్ ఆ అలవాటుని ఇంకా ముదరబెడుతుంది. మా లెక్కలో యాస గొడవ కన్నా ఇది పెద్ద లోపం. యాసకి గీత పడితే కనీసం కంటికి కనపడుతుంది, ఇది కనపడదు.

పిల్లలకిచ్చే ముందు పెద్దవాళ్ళు ఒకసారి పరీక్ష పెట్టి చూసుకోండి. పది వాక్యాల కథ తీసుకుని మొదటిసారి పుస్తకంలో ఉన్నట్టు చదవండి. రెండోసారి ఊళ్ళో మాట్లాడినట్టు చదవండి. మూడోసారి కావాలని విభక్తులు మార్చి చదవండి. మూడు మార్కులూ పక్కపక్కన పెట్టుకుంటే ఆ ఫోను, ఆ యాప్ ఎంతవరకు నమ్మదగ్గవో పావుగంటలో తేలిపోతుంది. మూడోసారి మార్కు రెండోసారి కన్నా ఎక్కువొస్తే ఇక ఆ మార్కుని చూడడం మానేయండి.

ఎర్రగీత పడ్డ మాట పిల్లకి నిజంగా రాలేదా, యాసగా అందా అన్నది తేల్చడానికి చార్టు ముక్కలు చాలు. విల్లు, ఇల్లు, వేరు, ఏరు, వేలు, ఏలు, వాడు, ఆడు. ఈ ఎనిమిదీ పెద్ద అక్షరాలతో రాసి కలిపి పరచండి. పిల్ల విల్లుని కూడా "ఇల్లు" అనే చదవచ్చు. బాణం వేసేది ఏదమ్మా అంటే సరైన ముక్క మీద వేలు పెడితే చదువు వచ్చినట్టే. రెండు ముక్కల మధ్యా తడుముకుంటే అప్పుడు అక్షరం దగ్గర పని ఉంది. నోట్ల పుస్తకంలో ప్రతి గీతకీ ఒక గుర్తు వేయండి: అక్షరం తప్పైతే అ, యాసైతే య, ఫోను వినలేకపోతే ఫో. వారం తిరిగేసరికి ఎక్కువ గీతలు య, ఫో కిందకే చేరాయంటే పిల్లకి నేర్పాల్సింది పెద్దగా లేదన్నమాట. అ గుర్తులున్న మాటల్నే మళ్ళీ నేర్పండి.

ఫో అన్న గుర్తు ఎందుకు పడుతుందంటే ముఖ్యంగా మూడు కారణాలు. చాలా ఫోన్లకి మైకు రంధ్రం కింది అంచున ఉంటుంది, పిల్లలు రెండు చేతులతో ఫోను పట్టుకున్నప్పుడు అరచెయ్యి దాన్ని మూసేస్తుంది. పుస్తకానికి ఆనించి నిలబెట్టి, నోటికి జానెడు దూరంలో ఉంచితే సగం ఫో గుర్తులు పోతాయి. రెండోది ఫ్యాను, రేకుల మీద వాన, పక్క తరగతి వల్లెవేత. వసారాలో ఒక్కొక్కరినే కూర్చోబెట్టి ఐదేసి నిమిషాలు చదివించడం మేలు, నలుగురు కలిసి చదివితే యంత్రం ఎవరి గొంతు పట్టుకుంటుందో దానికే తెలియాలి. మూడోది పిల్లల గొంతే. గొంతు నాళం చిన్నది కనక స్వరం సన్నగా ఉంటుంది, పెద్దల గొంతుకి అలవాటుపడ్డ యంత్రానికి రెండో తరగతి పిల్ల మాట ఐదో తరగతి పిల్లాడి మాట కన్నా కష్టం. దీనికి మన చేతిలో మందు లేదు. ఇయర్‌ఫోన్ మైకు పెట్టి చూడవచ్చు గానీ అది చొక్కా గుండీకి రాసుకుంటే ఆ గరగర కూడా తప్పుల్లో పడుతుంది. తెలుగు ఆఫ్‌లైన్ ప్యాక్, కథలు సిగ్నల్ బాగున్నచోటే దింపుకుని, చదివించేటప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. కథ మధ్యలో ఫోనొస్తే చాలాసార్లు మళ్ళీ మొదటినుంచే.

చిన్న చిక్కు ఇంకోటి, నవ్వొచ్చేది. కథ చివరి వాక్యం దగ్గర "ఏమ్మా, అయిపోయిందా?" అని టీచరు అడగడం, "ఆయ్, అయిపోయిందండి" అని పిల్ల అనడం. మైకు ఇంకా తెరిచే ఉంటుంది కనక "ఆయ్" వెళ్ళి ఆఖరి మాట నెత్తిన కూర్చుంటుంది. మేస్టారి ఎదురుగా చదివే పిల్లలు గౌరవం కొద్దీ వాక్యానికో "అండి" తగిలిస్తారు, "వెళ్ళాడండి" అన్నట్టు. అప్పుడు తరవాతి మాట కూడా తప్పులోకి పోతుంది. కథ మూసే గుర్తు నొక్కేదాకా పిల్లని పలకరించకండి.

కథల భాష సంగతికొస్తే, ఎక్కడివాళ్ళకైనా అర్థమయ్యే సాఫీ తెలుగు. బొమ్మలో లేత కొబ్బరికాయ కనపడగానే పిల్లలు అక్షరాలు చూడకుండా "బొండాం" అనేస్తారు, కాలిబాట బొమ్మ చూసి "పుంత" అంటారు. ఎర్రగీతే. ఇలాంటి గీత పడినప్పుడు పిల్లని ఆపి మెచ్చుకోవాలి, తరవాత అక్షరాల వైపు తిప్పాలి. వినిపించే గొంతు వార్తలు చదివినట్టుంటుంది, వేగం తగ్గించుకునే వీలుంటే తగ్గించండి.

యాప్‌ని పూర్తిగా పక్కన పెట్టమని కాదు. దీన్ని వాడుకునే మంచి పద్ధతి ఒకటుంది, మూడు రోజుల పని. మొదటి రోజు పిల్లాడి చేత నాలుగు వాక్యాల కబురు చెప్పించి, అన్నది అన్నట్టే చార్టు మీద ఎడం పక్క రాయాలి: "మా బాబు సేపలు అట్టుకుని ఒచ్చాడు." రెండో రోజు కుడి పక్క "మా బాబు చేపలు పట్టుకుని వచ్చాడు" అని రాసి, మారిన మాటల కింద పిల్లల చేతే గీత గీయించాలి. మూడో రోజు అలాంటి మాటలున్న కథ ఒకటి యాప్‌లో చదివించాలి. ఎడం పక్కది ఇంటి మాట, కుడి పక్కది ఫోను మాట అని చెబితే పిల్లలు చులాగ్గా పట్టుకుంటారు. ఎడం పక్కది కొట్టేసి కుడి పక్కది రాయడం మాత్రం వద్దు, రెండూ గోడ మీద ఉండాలి. ఐదో తరగతి పిల్లలకి ఒక్క వారం చాలు, రెండో తరగతికి నెల పట్టొచ్చు. వాళ్ళకి నాలుగేసి వాక్యాల కన్నా ఎక్కువ పెట్టకండి.

ఒకే ఫోను మీద అన్న, చెల్లి ఇద్దరూ చదివే ఇళ్ళల్లో ఇద్దరికీ వేరే పేర్లతో ఖాతాలు పెట్టుకునే వీలుంటే పెట్టండి, లేకపోతే ఐదో తరగతి వాడి మార్కులు చెల్లి లెక్కలో కలుస్తాయి. ఫోను మార్చినా, యాప్ తీసేసి మళ్ళీ వేసినా పాత లెక్క పోవచ్చు. నోట్ల పుస్తకం మాత్రం పారేయకండి.